ఇంటి కంప్యూటర్‌కు ఏ లినక్స్?

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. 2015 జూలైలో వచ్చిన ఆ ఆపరేటింగ్ సిస్టం పదేళ్లపాటు కోట్ల ఇళ్లలో నడిచింది. మద్దతు ఆగిన మర్నాడు కూడా ఆ కంప్యూటర్లన్నీ ఎప్పటిలాగే తెరుచుకున్నాయి, పాటలు వినిపించాయి, ప్రింట్లు తీశాయి. ఆగిపోయినవల్లా భద్రతా సవరణలు.

ఆ సవరణలే అసలు సంగతి. ఏ ఆపరేటింగ్ సిస్టంలోనైనా లక్షల, కోట్ల వరుసల ప్రోగ్రాము ఉంటుంది. మనుషులు రాసినది కాబట్టి అందులో లోపాలూ ఉంటాయి. ఎవరో ఒకరు ఒక లోపాన్ని కనిపెడతారు. తయారుచేసినవాళ్లు దాన్ని పూడ్చి, ఆ సవరణను ఇంటర్నెట్ ద్వారా అందరికీ పంపుతారు. సవరణలు రావడం ఆగితే, ఆ తరువాత బయటపడే ప్రతి లోపమూ తెరిచిన తలుపుగానే మిగిలిపోతుంది. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌లో అలాంటి తలుపులుండటం ప్రమాదం. కోరినవారికి 2026 అక్టోబరు దాకా ఒక ఏడాది గడువు ఇచ్చారుగానీ, అది కూడా గడువే.

విండోస్ 11కు మారదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తరువాతిదో అయి ఉండాలి. 2016లో కొన్న ఆరో తరం ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్‌తో చక్కగా పనిచేస్తున్నా, ఆ లెక్కకు అందదు. అలాగని దాన్ని పాత సామాన్లకు వేసేయాల్సిన పనిలేదు. డబ్బు అడగని, దొంగ కాపీ అవసరంలేని, పాత యంత్రాల మీద కూడా తాజా సవరణలతో నడిచే ఆపరేటింగ్ సిస్టంలు ఉన్నాయి. వాటిని స్థూలంగా లినక్స్ అంటున్నాం.

చిక్కల్లా అవి వందల్లో ఉండటమే. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, జోరిన్ అంటూ పేర్లు వినగానే కొత్తవారికి కాళ్లాడవు. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆపరేటింగ్ సిస్టంను ఎంచుకోవడమంటే, రాబోయే నాలుగైదేళ్లు మన కంప్యూటర్‌కు ఎవరు సవరణలు పంపాలో ఎంచుకోవడం. తెర అందం, ఐకాన్ల సోకు ఆ తరువాతి మాట.

తెర వెనక జరిగేది

మనం కీబోర్డు మీద ఒక మీట నొక్కితే, ఆ అక్షరం ఏ ప్రోగ్రాముకు చేరాలో తేల్చేది ఆపరేటింగ్ సిస్టం. బ్రౌజరు, పాటల ప్రోగ్రాము, వర్డ్ ప్రాసెసరు ఒకేసారి తెరిచి ఉన్నప్పుడు, ప్రాసెసరు సమయాన్ని అతి చిన్న తునకలుగా కోసి వాటికి పంచేదీ అదే. ఒక ప్రోగ్రాము మరొకదాని ర్యామ్‌లోకి చొరబడకుండా చూసేది, హార్డ్‌డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకునేది, ప్రింటరుతో, వై-ఫై చిప్పుతో మాట్లాడేది కూడా అదే.

ఈ పనుల్లో హార్డ్‌వేర్‌ను నేరుగా తాకే భాగాన్ని కెర్నెల్ అంటారు. మన కంటికి కనబడే మెనూలు, కిటికీలు, కిందపట్టీ కలిపి డెస్క్‌టాప్. దాని మీద బ్రౌజరు, ఆఫీసు ప్యాకేజీ వంటివి నడుస్తాయి. విండోస్‌లో ఇవన్నీ ఒకే ముద్దగా, ఒకే కంపెనీ నుంచి వస్తాయి. లినక్స్ లోకంలో కెర్నెల్ ఒకరిది, డెస్క్‌టాప్ మరొకరిది, ప్రోగ్రాములు ఇంకొకరివి. ఇన్ని రకాల లినక్స్‌లు ఎలా వచ్చాయో తెలియాలంటే ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

హెల్సింకీ నుంచి మన ఇంటికి

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకు పునాది వేశారు. విశ్వవిద్యాలయాల్లో అది బాగా పాకింది. క్రమంగా దాని మీద లైసెన్సు ఆంక్షలు బిగిశాయి. ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో చూడటానికీ, బాగుచేసి తోటివారికి ఇవ్వటానికీ వీలులేకుండా పోతోందని ఎంఐటీలో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ బాధపడ్డాడు. యూనిక్స్ వంటి స్వేచ్ఛాయుత వ్యవస్థను మొదటినుంచి రాస్తానని 1983 సెప్టెంబరులో ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరుపెట్టాడు.

స్టాల్‌మన్ 1989లో జీపీఎల్ అనే లైసెన్సును తెచ్చాడు. ఈ లైసెన్సు ఉన్న ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి రాతను చదవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. షరతు ఒకటే: మార్చి పంచేవారు, తీసుకునేవారికి కూడా ఇవే హక్కులు ఇవ్వాలి. అందరి సొత్తుగా మొదలైనదాన్ని ఒకరు సొంతం చేసుకుని గొళ్లెం పెట్టకుండా ఈ షరతు కాపాడుతోంది.

1991 నాటికి గ్నూ దగ్గర చాలా పనిముట్లు తయారయ్యాయి. పూర్తయిన కెర్నెల్ మాత్రం లేదు. ఆ ఆగస్టులో ఫిన్లండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ల లీనస్ టోర్వాల్డ్స్, తన 386 కంప్యూటర్ కోసం ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని ఇంటర్నెట్‌లో నలుగురికీ తెలియజేశాడు. సెప్టెంబరులో విడుదలైన తొలి కెర్నెల్ సుమారు పదివేల వరుసలు. 1992లో దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. ప్రపంచం నలుమూలల నుంచీ ప్రోగ్రామర్లు చేతులు కలిపారు. నేడు లినక్స్ కెర్నెల్ 3 కోట్ల వరుసలు దాటింది. అందులో అత్యధిక భాగం రకరకాల పరికరాలను నడిపే డ్రైవర్లు. ఎప్పటిదో పాత పరికరం కూడా లినక్స్‌లో సీడీ అడగకుండా పనిచేయడానికి ఈ భండారమే చాలావరకు కారణం.

ఇది కొద్దిమంది నిపుణుల ముచ్చట అనుకోనక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోను జేబులో ఉన్నవాళ్లంతా ఇప్పటికే లినక్స్ వాడుతున్నట్టే.

కెర్నెల్ ఒకటి, కూర్పులు అనేకం

రామకథ ఒకటే. రంగనాథ రామాయణం పాడుకోవడానికి వీలైన ద్విపదలో వచ్చింది, భాస్కర రామాయణం చంపువుగా వచ్చింది, మొల్ల తన తీరులో చెప్పింది. ఎవరి శ్రోతలు వారికున్నారు. లినక్స్ కూర్పులూ అంతే. కెర్నెల్ ఒకటే. దానికి ఏ డెస్క్‌టాప్ జతచేయాలి, ఏ ప్రోగ్రాములు ముందుగా పెట్టాలి, సవరణలు ఎంత తరచుగా పంపాలి అన్నది ఒక్కో బృందం తన వాడకందారులను బట్టి నిర్ణయించుకుంటుంది. ఇలా తయారైన మొత్తం కూర్పును డిస్ట్రో అంటారు.

1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్, పూర్తిగా స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే డిస్ట్రో. నిలకడకు అది పెట్టింది పేరు. 2004 అక్టోబరులో దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్, తన కెనానికల్ కంపెనీ ద్వారా, డెబియన్ ఆధారంగా ఉబుంటును విడుదల చేశాడు. అప్పటిదాకా లినక్స్ అంటే కంప్యూటర్ చదువు చదివినవారిదే. దాన్ని మామూలు ఇళ్లకు తేవడం ఉబుంటు లక్ష్యం. ఇంటర్నెట్ వేగం లేని దేశాలకు కొన్నేళ్లపాటు సీడీలను ఉచితంగా తపాలాలో పంపింది. మన ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులకు ఆ గోధుమరంగు సీడీలు సుపరిచితం. 2006లో క్లెమాన్ లఫేవ్ర్ ఉబుంటు ఆధారంగా లినక్స్ మింట్‌ను మొదలుపెట్టాడు.

అంటే మింట్‌కు మూలం ఉబుంటు, ఉబుంటుకు మూలం డెబియన్. ఈ మూడింటిలో ఏది నేర్చుకున్నా మరొకదానికి మారడం సులువే. మొదటి ఎంపికలో పొరపాటు జరుగుతుందేమోనన్న భయం పెట్టుకోవద్దు.

మొదట చూడాల్సింది సవరణల గడువు

ప్రతి డిస్ట్రో తన ప్రతి విడుదలకూ ఎన్నాళ్లు సవరణలు పంపుతుందో ముందే చెబుతుంది. ఉబుంటు రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాలిక విడుదలను ఇస్తుంది. దానికి ఐదేళ్ల సవరణలు. 24.04 అన్న అంకె 2024 ఏప్రిల్ విడుదల అని చెబుతోంది. దాని గడువు 2029. మధ్యలో వచ్చే విడుదలలకు తొమ్మిది నెలలే గడువు. కొత్తవారు వాటి జోలికి వెళ్లకూడదు. లినక్స్ మింట్ ప్రధాన కూర్పును 2014 నుంచి ఎల్‌టీఎస్ మీదే కడుతున్నారు. 2024లో మొదలైన దాని 22 శ్రేణికీ 2029 దాకా సవరణలు వస్తాయి. ఫెడోరా మంచి డిస్ట్రో, కొత్త సాంకేతికత ముందుగా అందులోకే వస్తుంది. కానీ ఒక్కో విడుదల గడువు సుమారు 13 నెలలు. ఏడాదికోసారి వ్యవస్థను మార్చుకునే ఓపిక ఉన్నవారికే అది తగింది.

కొత్తది కావాలన్న ఆత్రం కంటే నిలకడ ఎందుకు మేలో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఎక్స్‌జడ్ అనే చిన్న ప్రోగ్రాము ఫైళ్లను కుదించే పని చేస్తుంది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఒక్క మనిషి తీరిక వేళల్లో చూసుకునేవాడు. మారుపేరుతో వచ్చిన ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి దాని 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టాడు. సర్వర్లలోకి చొరబడటానికి అది పనికొస్తుంది.

ఆండ్రెస్ ఫ్రాయండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్‌లో లాగిన్ అయ్యేటప్పుడు అరసెకను ఆలస్యం అవుతోందని గమనించాడు. అరసెకనేగదా అని వదిలేయలేదు. ప్రోగ్రాము రాత తెరిచి ఉంది కనుక తవ్వుకుంటూ వెళ్లి, దొంగదారిని పట్టుకుని, మార్చి 29న లోకానికి చెప్పాడు. ఆ విడుదలలను చేర్చుకున్న డిస్ట్రోలు వెంటనే వాటిని వెనక్కు తీసుకున్నాయి.

ఈ సంఘటన రెండు సంగతులు చెబుతోంది. రాత తెరిచి ఉంచినంత మాత్రాన మోసం జరగకుండా ఆగదు. కానీ, తెరిచి ఉంటే పట్టుకోగలిగినవాడికి అడ్డు ఉండదు. రెండోది మన ఎంపికకు సూటిగా సంబంధించింది. ఆ దొంగదారి చేరింది డెబియన్ పరీక్షా విభాగాలు, ఫెడోరా ప్రయోగాత్మక కూర్పులు వంటి అతి కొత్త వాటిలోకే. డెబియన్ స్థిర విడుదల వాడేవారిని, ఉబుంటు ఎల్‌టీఎస్, మింట్ వాడేవారిని అది తాకలేదు. పరీక్షలకు నిలిచి, నిదానంగా వచ్చే ప్రోగ్రాములే ఇంటికి క్షేమం.

రెండోది మన యంత్రం శక్తి

ముందుగా ర్యామ్ ఎంతుందో చూసుకోవాలి. 8 జీబీ, ఆపైన ఉంటే ఏ డెస్క్‌టాపైనా సాఫీగా నడుస్తుంది. 4 జీబీ ఉంటే తేలికపాటి డెస్క్‌టాప్ కావాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అలాంటిది. 2 జీబీతో కూడా మింట్ ఎక్కుతుంది. కానీ నేటి వెబ్‌సైట్లు బరువెక్కిపోయాయి. బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిచేసరికి ఆ 2 జీబీ చాలదు. ఏ లినక్సూ ఈ బరువును తగ్గించలేదు.

ప్రాసెసరు 64 బిట్లది అయి ఉండాలి. 32 బిట్ల పాత యంత్రాలకు దారులు మూసుకుపోతున్నాయి. మింట్ ప్రధాన కూర్పు 2020లో, డెబియన్ తన 13వ విడుదలతో 2025లో వాటికి ఇన్‌స్టాలర్లు ఇవ్వడం మానేశాయి.

పాత కంప్యూటర్ నెమ్మదించడానికి సగం కారణం హార్డ్‌డిస్కు. తిరిగే పళ్లెం మీద తల కదిలి సమాచారం అందుకోవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగం లేదు. 0.1 మిల్లీసెకను చాలు. ఖర్చు పెట్టగలిగిన కొద్దిపాటి డబ్బు ఉంటే ముందు ఒక 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. ఏ డిస్ట్రో మార్చినా రాని వేగం దానితో వస్తుంది.

మరీ కొత్త యంత్రంతో చిక్కు వేరే తరహాది. నిన్నమొన్న బజారుకొచ్చిన ల్యాప్‌టాప్‌లోని వై-ఫై చిప్పుకు పాత కెర్నెల్‌లో డ్రైవరు ఉండకపోవచ్చు. అలాంటి యంత్రానికి తాజా ఎల్‌టీఎస్ విడుదల తీసుకోవాలి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్నవారు ఇన్‌స్టాల్ చేశాక, మింట్‌లోనూ ఉబుంటులోనూ ఉండే డ్రైవర్ల పనిముట్టు తెరిచి కంపెనీ డ్రైవరు వేసుకోవాలి.

మూడోది మనం చేసే పని

బ్రౌజింగ్, ఈమెయిలు, యూట్యూబు, బ్యాంకు, ఆన్‌లైన్ క్లాసులు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు: సాధారణ ఇంటి కంప్యూటర్ పని ఇంతే. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ వీటికి సరిపోతాయి. ఫొటోలు దిద్దడానికి గింప్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఆడియో కోతకు ఆడాసిటీ ఉన్నాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు లినక్స్ పుట్టిల్లు. పైథాన్, సీ భాషల పనిముట్లు అక్కడ చేతికి అందేంత దూరంలో ఉంటాయి.

కుదరని పనులూ ఉన్నాయి. వాటిని ముందే చెప్పుకోవడం ధర్మం. తెలుగు డీటీపీ ఆపరేటర్లు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పనిచేస్తారు. అవి లినక్స్ కోసం తయారైనవి కావు. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు కాబట్టి, మార్పిడి చేయకుండా లినక్స్‌లో తెరిస్తే అక్షరాలు అర్థం కావు. దుకాణం లెక్కలు ట్యాలీలో రాసేవారికీ విండోస్ కావాలి. డిజిటల్ సంతకం టోకెన్‌తో పన్ను రిటర్నులు వేసేవారు, తమ టోకెన్‌కు లినక్స్ డ్రైవరు ఉందో లేదో చూసుకున్నాకే కదలాలి. ఎక్కువ మందితో ఆన్‌లైన్‌లో ఆడే ఆటల్లో కొన్ని, మోసాన్ని పట్టే ప్రోగ్రాముల కారణంగా, లినక్స్‌లో నడవవు. మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటాయి. కానీ క్లిష్టమైన పట్టికలున్న ఫైళ్లలో అమరిక అటూ ఇటూ కదలవచ్చు.

విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అనే సాధనం 1993 నుంచి పెరుగుతూ వస్తోంది. కొన్ని ప్రోగ్రాములకు అది బాగా పనిచేస్తుంది. జీవనాధారమైన పనికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. అలాంటి అవసరం ఉన్నవారు విండోస్‌ను ఉంచుకుని, పక్కనే లినక్స్ వేసుకోవడం తెలివైన దారి.

తెలుగు ఎలా ఉంటుంది?

తెలుగు చదవడంలో ఇబ్బంది లేదు. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో తెలుగును కూర్చేది ఇదే. ఫాంట్లకూ కొరతలేదు. లోహిత్, నోటో ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు భాండాగారాల్లో దొరుకుతాయి. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ధూర్జటి వంటి ఫాంట్లు తెలుగు విజయం అనే ప్యాకేజీగా ఉన్నాయి.

టైపింగుకు భారత ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ అమరిక కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతి అలవాటైనవారు ఐబస్ అనే సాధనాన్నీ, దానికి ఎం17ఎన్ చేర్పునూ వేసుకోవాలి. మెనూలను తెలుగులో చూడాలనుకునేవారు భాషా సెట్టింగుల్లో తెలుగును ఎంచుకోవచ్చు. అనువాదం అన్నిచోట్లా పూర్తికాలేదు. ఆ వెలితిని పూడ్చేది కూడా మనలాంటి స్వచ్ఛంద కార్యకర్తలే. తెలుగు బాగా వచ్చినవారికి అక్కడ పని కాచుకుని ఉంది.

హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తోంది. తెలుగులో మెనూలుండే కూర్పును కూడా విడుదల చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్, డెబియన్ ఆధారంగా భారతీయ భాషల కోసం బాస్ అనే ఆపరేటింగ్ సిస్టంను 2007లో తెచ్చింది.

ఇక పేర్లు

విండోస్ అలవాటున్న ఇంటికి నా మొదటి సిఫారసు లినక్స్ మింట్, సినమన్ డెస్క్‌టాప్‌తో. ఎడమ మూల మెనూ, కింద పట్టీ, కుడి మూల గడియారం: విండోస్ 7 వాడినవారికి వెతుకులాట ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా అదే రోజు వాడగలుగుతారు. 4 జీబీ ర్యామ్ యంత్రానికి మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు తీసుకోండి. ఉబుంటు కుటుంబంలో జుబుంటు, లుబుంటు అనే తేలికపాటి కూర్పులున్నాయి. అయితే వాటి ఎల్‌టీఎస్‌లకు మూడేళ్లే సవరణలు. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈకి ఐదేళ్లు. గడువు లెక్కన మింటే ముందుంటుంది.

యంత్రం కొత్తదైతే, పిల్లలు కంప్యూటర్ సైన్సు వైపు వెళ్లేవారైతే ఉబుంటు ఎల్‌టీఎస్. దాని డెస్క్‌టాప్ గ్నోమ్. విండోస్‌లా ఉండదుగానీ వారంలో చేతికి అలవాటవుతుంది. ఎంతోమంది వాడుతున్నందున ఏ సమస్యకైనా జవాబు ముందుగా ఉబుంటు పేరుతోనే దొరుకుతుంది. విండోస్ పోలిక మరింత కావాలనుకునేవారికి ఐర్లండ్‌లో రూపొందే జోరిన్ ఉంది.

కాలీ లినక్స్‌ను మాత్రం ఇంటి కంప్యూటర్‌లో వేయవద్దు. హ్యాకింగ్ వీడియోలు చూసి చాలామంది విద్యార్థులు దానితో మొదలుపెడతారు. అది భద్రతా పరీక్షలు చేసే నిపుణుల పనిముట్ల పెట్టె. కొత్తవారికి, రోజువారీ వాడకానికి కాదని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతున్నారు. ఆర్చ్ లినక్స్ లోతుగా నేర్చుకోవాలనుకునేవారికి మంచిది. మొదటి మెట్టుగా పనికిరాదు.

పెన్‌డ్రైవ్‌తో పరీక్ష

లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం, ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడగలగడం. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కనుక ఖాళీది తీసుకోండి. డిస్ట్రో సొంత వెబ్‌సైటు నుంచే ఐఎస్‌ఓ ఫైలు దించుకోండి. ఆ ఫైలు మధ్యలో పాడవలేదని, ఎవరూ మార్చలేదని తేల్చుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే 64 అక్షరాల ముద్రను సైటులో ఇస్తారు. మన ఫైలు ముద్ర దానితో సరిపోలాలి. రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాముతో ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు.

కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12, ఎఫ్9, ఎఫ్2, ఎస్కేప్ మీటల్లో ఆ కంపెనీ పెట్టినది నొక్కి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. లినక్స్ తెరుచుకుంటుంది. హార్డ్‌డిస్కులోని విండోస్ చెక్కుచెదరదు. ఇప్పుడు వరుసగా చూడండి. వై-ఫై కలుస్తోందా? శబ్దం వస్తోందా? కెమెరా, బ్లూటూత్, ప్రింటరు పనిచేస్తున్నాయా? ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే నిద్రలేస్తోందా? పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నందున కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఆ వేగంతో తీర్పు చెప్పవద్దు. ఒక డిస్ట్రోలో వై-ఫై పనిచేయకపోతే మరొకటి ఎక్కించి చూడండి.

అన్నీ కుదిరాక, ఇన్‌స్టాల్ చేసేముందు ఫొటోలు, పత్రాలు, ముఖ్యమైనవన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఈ ఒక్క మెట్టు దాటవేయకూడదు. విండోస్‌ను ఉంచుకునేవారు అందులో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగు ఆపి, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో కీలకమైనది ఒక్కటే: విండోస్ పక్కన వేయాలా, డిస్కు మొత్తం చెరిపి వేయాలా? అది చదవకుండా ముందుకు నొక్కవద్దు.

మొదటి నెల అలవాట్లు

విండోస్‌లో ప్రోగ్రాము కావాలంటే వెబ్‌సైట్లు వెతికి దించుకుంటాం. లినక్స్‌లో ముందుగా సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరవాలి. అందులోని ప్రోగ్రాములు డిస్ట్రో భాండాగారం నుంచి డిజిటల్ సంతకంతో వస్తాయి. మధ్యలో ఎవరైనా మార్చితే ఆ సంతకం సరిపోదు, వ్యవస్థ ఒప్పుకోదు. సవరణలు కూడా ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒకేచోట వస్తాయి. వారానికోసారి వాటిని వేసుకోండి.

మింట్‌లో టైంషిఫ్ట్ అనే పనిముట్టు ఉంది. మొదటిరోజే దాన్ని సిద్ధం చేసుకోండి. వ్యవస్థ ఏ రోజు ఎలా ఉందో అది నమోదు చేసి ఉంచుతుంది. ఏదైనా మార్పు బెడిసికొడితే పాత స్థితికి తిరిగి రావచ్చు. అది వ్యవస్థను కాపాడుతుంది, మీ ఫొటోలను కాదు. వాటి నకలు వేరే డిస్కులో ఉండాల్సిందే.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌ను చూసి బెదరనక్కరలేదు. మామూలు ఇంటి పనికి దాని అవసరం అరుదు. ఎక్కడో చూసిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా అందులో అతికించడం మాత్రం తప్పు. ముఖ్యంగా సుడో అనే మాటతో మొదలయ్యేవి వ్యవస్థ మొత్తాన్ని మార్చగలవు. పాస్‌వర్డు అడిగిన ప్రతిసారీ, ఎందుకు అడుగుతోందో చదివి, అప్పుడు కొట్టండి.

సాధ్యమా అన్నవారికి

కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లక్షల మంది పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా తమ పాఠ్యాంశాలకు తగిన కూర్పును తయారుచేసి, టీచర్లకు శిక్షణ ఇచ్చి, ఇళ్లకు కూడా ఉచితంగా అందిస్తోంది. లినక్స్‌ను మామూలు మనుషులు వాడలేరన్న మాటకు ఆ బడిపిల్లలే జవాబు.

మన ఊళ్లలో దొంగ కాపీ విండోస్‌తో నడుస్తున్న కంప్యూటర్లు చాలా ఉన్నాయి. దొంగ కాపీని తెరిచే క్రాక్ ప్రోగ్రాములో ఏమి దాగి ఉందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అలాంటి యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డు కొట్టేకంటే, చట్టబద్ధంగా, ఉచితంగా, ఐదేళ్ల సవరణలతో వచ్చే వ్యవస్థను వాడటం అన్నివిధాలా మేలు. డీటీపీ, ట్యాలీ వంటి పనులున్నవారు విండోస్‌ను ఉంచుకోండి. మిగిలినవారు ఈ ఆదివారం ఒక పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ మింట్ ఎక్కించి, మీ కంప్యూటర్‌ను దానితో తెరిచి చూడండి. నచ్చితే ఉంచుకోండి. మీకు నచ్చాక, పక్కింటి పాత కంప్యూటర్‌కు కూడా మీ చేతులతోనే వేసిపెట్టండి. కాపీ చేసి పంచే హక్కును లైసెన్సే మీకు ఇచ్చింది.